మా అత్త చెప్పిన రెండో సగం

మా అత్త పోయింది. పొద్దున్నే పాలు పొయ్యి మీద పెట్టి, పొంగకుండా కాపలా కాస్తుంటే ఫోను మోగింది. అవతల అత్త కోడలు. "అక్కా, అత్త పోయింది" అని ఒక్క మాట అంది, తర్వాత ఏడుపే. నేను ఎప్పుడు, ఎట్ల అని అడుగుతూనే ఉన్నాను, ఇక్కడ పాలు పొంగి గట్టంతా పారాయి. తెల్లారకముందే లేచి, మొహం కడుక్కొని, కాఫీ తాగి, కాసేపు ఒరుగుతానని మంచం మీద వాలిందట. మళ్లీ లేవలేదు. తొంభై దాటిన మనిషి, పోవాల్సిన వయసే అని వచ్చినవాళ్లందరూ అన్నారు. ఆ మాట విన్నప్పుడల్లా నాకు ఒళ్లు మండింది. ఎవరు అడిగారు మిమ్మల్ని వయసు? నాకున్నది ఒక్క అత్త.

అత్త అంటే మా నాయనకు అక్క, నాకు మేనత్త. పుట్టింటికి మూడిళ్ల అవతలే మెట్టినిల్లు. అందుకని ఆమెకు పెళ్లయినా నాయనకు మాత్రం ఆమె పెత్తనం తప్పలేదు. ఏదైనా కావాలంటే గోడ మీదుగా "ఒరేయ్" అని ఒక్క కేక వేసేది. ఊళ్లో మీసం మెలేసుకొని తిరిగే మా నాయన, ఆ కేకకు చేతిలో పని వదిలేసి పోయేవాడు.

అక్షరం ముక్క రాదు ఆమెకు. కానీ మా ఊరికి సినిమా తెచ్చింది ఆమే. అదెట్లాగో చెప్పాలంటే ముందు మా రైలు సంగతి చెప్పాలి.

రాష్ట్రం ఏర్పడిన కొత్తల మాట. అప్పటికింకా మా తాలూకాలు కర్నూలు జిల్లాలోనే ఉండేవి. కంభం నుంచి గిద్దలూరు వైపు వచ్చే చిన్న రైలు ఎక్కి, రెండో స్టేషన్లో దిగి, మైలున్నర నడిస్తే మా ఊరు. వారానికోసారి కంభంలో సంత. మా ఊరి ఆడవాళ్లు పొద్దున బండికి పోయి, సంత చేసుకొని, రాత్రి ఎనిమిదిన్నర ప్యాసింజరుకు తిరిగొచ్చేవాళ్లు. సంత పొద్దు గూకకముందే అయిపోయేది. రైలుకేమో ఇంకా బోలెడు టైము. ఆ టైములో మూటల మీద కూర్చొని దోమలు తోలుకోవడం ఎందుకని మా అత్త కనిపెట్టిన మార్గం సినిమా.

ఎండాకాలం వస్తే సంత మైదానం పక్కన టూరింగు టాకీసు డేరా వేసేవాళ్లు. చీకటి పడగానే మొదటి ఆట. మా వాళ్లు కూరగాయల మూటలతో, కొత్త చాటలతో, ఒక్కోసారి కాళ్లు కట్టేసిన కోడితో సహా లోపలికి పోయి ఇసుకలో కూర్చునేవాళ్లు. ఇంటర్వెల్ లైట్లు వెలగ్గానే మూటలెత్తుకొని లేచి స్టేషనుకు పరుగు. అట్లా ఏళ్ల తరబడి మా ఊరి ఆడవాళ్లు సినిమాలన్నీ సగమే చూశారు. ఒక్కరు కూడా ఏ సినిమాలోనూ చివరి పెళ్లి చూసి ఎరగరు.

"సగమే చూస్తాం గదన్నా, సగం టికెట్టే ఇయ్యి" అని గేటు దగ్గర టికెట్లాయన్ను మా అత్త ప్రతి వారం అడిగేది. ఆయన ప్రతి వారం ఇయ్యననేవాడు. మేము ఇంటర్వెల్లో బయటికి వస్తుంటే ఆయనే, "మిగతా సగం ఏం చెయ్యమంటావు తల్లీ?" అని ఎగతాళి చేసేవాడు.

"నీ కాడే పెట్టుకో. నా కాడ వేరేది ఉండాది" అనేది అత్త.

అది ఉత్త మాట కాదు. మర్నాడు మధ్యాహ్నం అత్త వసారాలో ఊరి ఆడవాళ్లు చేరేవాళ్లు. ఎండాకాలం గదా, వానలు పడే లోపల విత్తనానికి వేరుశనగ కాయలు ఒలిచి పెట్టుకోవాలి. చాటల్లో కాయలు పోసుకొని, బొటనవేళ్లు ఎర్రగా కందిపోయేదాకా ఒలుస్తుంటే, అత్త సినిమా చెప్పేది. ముందు మేము చూసిన సగం, తర్వాత మేము చూడని సగం. గొంతులు మార్చేది, ముసలాడైతే దగ్గేది, విలనైతే చాటను గదలాగా భుజాన పెట్టుకునేది. నవ్వు వచ్చే చోటు ఇంకా రాకముందే తను నవ్వేసేది. "ఆగండాగండి, ఇప్పుడు చెప్తా" అని కళ్లు తుడుచుకునేది. మేమింకా ఏమీ వినకుండానే నవ్వడం మొదలుపెట్టేవాళ్లం. "నవ్వండి గానీ చేతులు ఆపొద్దు" అనేది మాటిమాటికీ. విత్తనపు గింజ నోట్లో వేసుకుంటే వేలు విరుస్తానని అందరినీ బెదిరించేది, తను మాత్రం సీనుకొకటి నమిలేది.

చూడని సగం ఆమెకెట్లా తెలుసని మీరు అడగొచ్చు. నేనూ అడిగాను. సినిమా దగ్గర పాటల పుస్తకాలు అమ్మేవాళ్లు, పలచటి కాగితం మీద, మొదటి పేజీలో కథ, తర్వాత పాటలు. అత్త అది కొని నా చేత చదివించుకునేది. మా ఇంట్లో చదవగలిగే ఆడమనిషిని అప్పటికి నేనొక్కదాన్నే, పదేళ్లదాన్ని, ఊరి బళ్లో అయిదో తరగతి. ఆ పుస్తకాల్లో కథ కూడా సరిగ్గా మా రైలు వేళకే ఆగిపోయేది. చిక్కు పడ్డ చోట ఆపేసి, మిగిలింది వెండితెర మీద చూడమని రాసేవాళ్లు. వెండితెర మీద చూద్దామంటే మాకు రైలు.

"పుస్తకంలో లేదు గదత్తా, నేనే గదా చదివింది, నీకెట్ల తెలిసింది?" అంటే, "నువ్వు అచ్చరాలు చదివినావు. నేను పాటలు విన్నా. ఏ పాట ఎనక ఏ పాట వస్తాదో చూస్తే కథ దానంతటదే తెలిసిపోతాది" అనేది. ఎంత తెలివి మా అత్తది అనుకునేదాన్ని. ఇప్పటికీ అదే అనుకుంటున్నాను, కాకపోతే వేరే కారణానికి.

ఆ ఎండాకాలం వచ్చిన సినిమా ఒక హాస్యకథ. పేరు చెప్పను. చెబితే మీరు వెంటనే ఫోనులో వెతికి చూసేస్తారు, నాకు అది ఇష్టం లేదు. కథ మాత్రం చెబుతాను. ఒక డబ్బున్న పెద్దాయన. భార్య లేదు, ఒక్కతే కూతురు. తన వెనక జనం ఏమనుకుంటున్నారో తెలుసుకోవాలని చెవుడు వచ్చినట్టు నటిస్తుంటాడు. ఇంక చూసుకోండి, వంటవాడి దగ్గర్నుంచి బావమరిది దాకా ఆయన ఎదుట నిలబడే ఆయన్ని తిడుతుంటారు, ఆయన చిరునవ్వుతో తల ఊపుతుంటాడు. ఆ ఇంటి మేడ మీద గదిలో అద్దెకు దిగుతాడు ఒక కుర్రవాడు. పెద్దాయనకు వాగుడుకాయలంటే పడదని విని, మూగవాడినని చెప్పి చేరతాడు. చెవుడు లేని చెవిటాయన, నోరున్న మూగవాడు, వాళ్లిద్దరి మధ్య సైగలు. డేరా ఊగిపోయేటట్టు నవ్వాం. మా పక్కన కట్టేసిన కోడి కూడా ఉలిక్కిపడి అరిచింది.

ఇంటర్వెల్ ఎక్కడంటే, కుర్రవాడు గది తలుపు వేసుకొని అద్దం ముందు కూనిరాగం తీస్తుంటాడు, కింద పెద్దాయన ఆ పాటకు కుర్చీ చేతి మీద తాళం వేస్తుంటాడు. మెట్ల నడిమధ్యలో కూతురు. పైకి చూస్తుంది, కిందికి చూస్తుంది. ఇద్దరి గుట్టూ ఒక్కసారే తెలిసిపోయింది. ఆ పిల్ల ముఖం పెద్దగా తెరంతా వచ్చింది, ఏం చేస్తుందా అని అందరం నోళ్లు తెరుచుకొని ఉన్నాం, టపీమని లైట్లు వెలిగాయి.

రైలు కదిలేటప్పటికి డేరాలో ఆట మళ్లీ మొదలైంది. లౌడు స్పీకరులో ఒక ఆడగొంతు పాట ఎత్తుకుంది. నేను కిటికీ చువ్వలకు చెవి ఆనించి కూర్చున్నాను. కంభం చెరువు మీది గాలి చల్లగా వస్తోంది, ఆ గాలిలో పాట దగ్గరికొస్తోంది, దూరమవుతోంది. మాటలు అందడం లేదు. ఆ పిల్ల ఏడుస్తూ పాడుతోందో నవ్వుతూ పాడుతోందో కూడా తెలియడం లేదు. రైలు వంపు తిరిగింది, పాట ఆగిపోయింది, చక్రాల చప్పుడు మిగిలింది. ఇంజను పొగలో నిప్పురవ్వలు ఎగురుతుంటే, ఆ పిల్ల ఇంకా మెట్ల మీదే నిలబడి ఉందనిపించింది. అత్త ఒళ్లో తల పెట్టుకొని "ఇప్పుడా పిల్ల ఏం చేస్తాదత్తా?" అని అడిగాను.

"రేపు చెప్తాలే, పండుకో" అంది. ఎప్పుడూ లేనిది, ఆ వేళ ఆమె గొంతులో నవ్వు లేదు.

దానికి కారణం ఉంది. నాకు అయిదు అయిపోయింది. ఆరుకు పోవాలంటే కంభం హైస్కూలు, రోజూ రైలు. నాయన వద్దన్నాడు. కోపంగా కూడా అనలేదు, ఎద్దులకు నీళ్లు పెడుతూ మామూలుగా అన్నాడు. "అయిదు చదివింది, చాల్లే." నేను రెండు రోజులు అన్నం తినలేదు. అత్త వచ్చి నాయనను గోడ దగ్గర నిలబెట్టి అడిగింది.

"పిల్లను బడికి పంపితే నీ గంటేం పోతాదిరా?"

"నాదేం పోదక్కా. ఊళ్లో ఏ ఆడపిల్లయినా రైలెక్కి బడికి పోతాందా? నలుగురూ ఏమంటారు?"

"ఏమంటారు?"

"నీకు తెలీదా ఏంది ఏమంటారో?"

అత్తకు తెలుసు. అందుకే ఆ వేళ మాట్లాడకుండా తిరిగిపోయింది. ఆమె "ఒరేయ్" కేక పనిచెయ్యకపోవడం నేను చూడటం అదే మొదటిసారి. నా చదువు అక్కడితో అయిపోయిందనుకున్నాను.

మర్నాడు వసారా నిండా జనం. హాస్యం సినిమా అని తెలిసి, ఎప్పుడూ రానివాళ్లు కూడా చాటలు పట్టుకొని వచ్చారు. నాయన వసారా చివర నులక మంచం మీద తుండుగుడ్డ ముఖాన వేసుకొని పడుకున్నాడు. ఆడవాళ్ల మధ్య సినిమా కథ వినడం నామోషీ గదా, అందుకని నిద్ర. మొదటి సగం అయ్యేసరికే అందరికీ కడుపులు నొప్పి పుట్టాయి. అత్త మెట్ల దగ్గరికి వచ్చి ఆగింది. ఒక గింజ నోట్లో వేసుకుంది.

"ఆ పిల్ల ఏడవలేదు, తిట్టలేదు. లోపలికి పోయి పెట్టె సర్దుకునింది. చీటీ రాసి బల్ల మీద పెట్టింది. ఏమని? నాయనా, నీకు చెవులూ, మేడమీదాయనకు నోరూ తెప్పిస్తా, కాచుకొని ఉండండి అని. నేరుగా పోయి రైలెక్కింది."

"ఒక్కతే?" అంది ఒకామె.

"ఒక్కతే. రైల్లో ఎవురూ ఆమెను కొరుక్కు తినలేదు. పట్నం పోయి బళ్లో చేరింది. మాట రానోళ్లకీ, వినపడనోళ్లకీ చదువు చెప్పే చదువు ఒకటుండాది, అది చదివింది."

"పెళ్లి చేసుకోకుండా బడికి పోయిందా?"

"సినిమాలో అట్లనే ఉండాది, నన్నేం చెయ్యమంటావు?" అంది అత్త విసుగ్గా. ఆ విసుగు ఎంత బాగా నటించిందో ఇప్పుడు తలుచుకుంటే చేతులెత్తి మొక్కాలనిపిస్తుంది.

తర్వాత వచ్చింది అసలు హాస్యం. ఆ పిల్ల తెల్ల చీర కట్టుకొని, గొడుగు పట్టుకొని, టీచరమ్మగా తిరిగొస్తుంది. ఇంటి వసారాలోనే బడి పెడుతుంది. విద్యార్థులు ఇద్దరే, తండ్రీ, మేడమీదాయనా. ఇద్దరినీ ఒకే బెంచీ మీద కూర్చోబెట్టి, చేతికొక మార్కాపురం పలక ఇస్తుంది. ఇంక చేసేదేముంది? మాది నటన అని ఒప్పుకుంటే పరువు పోతుంది, ఒప్పుకోకపోతే అ ఆ దిద్దాలి. అంత గొప్ప ఆసామీ పలకను తలకిందులు పట్టుకొని దిద్దుతున్నాడు. మేడమీదాయన బలపం కొరుక్కు తింటున్నాడు. ఒకరి పలకలోకి ఒకరు తొంగి చూసి కాపీ కొడుతున్నారు. అత్త రెండు చాటలు తెచ్చి పలకలు చేసింది, తనే ఆసామీ అయి మూలిగింది, తనే టీచరమ్మ అయి చెవి మెలిపెట్టింది. చివరికి పరీక్ష. ఇద్దరికీ సున్నా. ఆ సున్నా చూసి ఇద్దరూ ఒక్కసారే లేచి "ఇది అన్యాయం!" అని ఊరదిరేటట్టు అరుస్తారు. అరిచి, నోళ్లు మూసుకుంటారు.

వసారాలో ఒక్కరు కూడా కాయ ఒలవడం లేదు. నవ్వలేక చాటలు పక్కన పెట్టేశారు. మంచం మీద తుండుగుడ్డ కింద మా నాయన కడుపు ఎగిరెగిరి పడుతోంది. ఆఖరికి గుడ్డ తీసేసి లేచి కూర్చొని, కళ్లు తుడుచుకుంటూ, "తలకిందులు పట్టుకున్నాడా పలక?" అని అడిగి మళ్లీ నవ్వాడు.

వారం తిరిగేసరికి ఊళ్లో పిల్లలు ఆ బడి ఆట ఆడుతున్నారు. నన్ను టీచరమ్మను చేసి గొడుగు ఇచ్చారు. బావి దగ్గర ఆడవాళ్లు "ఏమమ్మా పలకల టీచరమ్మా, రైలెప్పుడెక్కుతావు?" అని నవ్వేవాళ్లు. నవ్వు నవ్వుగానే ఆ మాట ఊరికి అలవాటైపోయింది. బడి తెరిచే రోజు నాయన తలకు కొత్త గుడ్డ చుట్టుకొని నన్ను కంభం తీసుకుపోయాడు. హెడ్మాస్టరు ముందు చేతులు కట్టుకొని, "సినిమాలోనే చదివిస్తా ఉన్నారు సార్, మేం చదివిస్తే ఏం తప్పు?" అన్నాడు. హెడ్మాస్టరుకు ఏమీ అర్థం కాలేదు, నా పేరు మాత్రం రాసుకున్నారు.

ఆ తర్వాత నా కథలో హాస్యం లేదు, చదువు ఉంది. హైస్కూలు, ట్రైనింగు, ఉద్యోగం. మొదటి పోస్టింగు చంద్రశేఖరపురం అవతల ఒక మెట్ట పల్లెలో, చివరిది గిద్దలూరులో. ఎన్ని వందల పలకలు దిద్దించానో లెక్క లేదు. పిల్లలెవరైనా పలక తలకిందులు పట్టుకుంటే నాకు నవ్వాగేది కాదు, పిల్లలు బిత్తరపోయేవాళ్లు.

దాదాపు నలభై ఏళ్లకు, ఒక శనివారం పేపరులో ఆ సినిమా పేరు కనిపించింది. ఆదివారం మధ్యాహ్నం టీవీలో వేస్తారట. నేను ఆగుతానా? పొద్దున బండికే ఊరికి పోయాను. అప్పటికి నాయన పోయి చాలా ఏళ్లయింది. అత్తకు డెబ్భై దాటాయి, పళ్లు లేవు, నోరు మాత్రం అట్లాగే ఉంది. "ఇంత దూరం సినిమా కోసమా వచ్చినావు? పనీ పాటా లేదా ఏంది నీకు?" అని తిట్టి, టీవీ ముందు చాప వేసింది.

నలుపు తెలుపు బొమ్మలు, గీతలు, గరగర. ఆ పెద్దాయన వచ్చాడు, తల ఊపాడు. మేమిద్దరం ఒకరి మీద ఒకరు పడి నవ్వాం. నేను ఆ ఇసుకలో కూర్చున్నట్టే ఉంది, చెరువు గాలి తగిలినట్టే ఉంది. మెట్ల మీద ఆ పిల్ల ముఖం తెరంతా నిండింది. ప్రకటనలు వచ్చాయి.

"కట్టెయ్ ఇంక" అంది అత్త.

"ఏందత్తా, సగమే గదా అయింది."

"సగం చూస్తే చాల్లే. మిగతాది తెలిసిందే గదా. లే, అన్నం తిందాం."

"పలకల సీను చూడకుండానా? నలభై ఏళ్లయింది దానికోసం" అన్నాను. అత్త గోడవైపు తిరిగి పడుకుంది.

నేను చూస్తున్నాను. ఆ పిల్ల మెట్లు దిగింది. దేవుడి పటం ముందు కూర్చొని ఏడుస్తూ పాట పాడింది. పదేళ్ల వయసులో రైలు కిటికీలోంచి విన్న పాట ఇదేనన్నమాట, ఏడుపు పాటే. సరే, పాడి లేచి పెట్టె సర్దుకుంటుందిలే అనుకున్నాను. సర్దుకోలేదు. వంట చేసింది. ఇంట్లో దొంగ పడ్డాడు. తండ్రీ, కుర్రవాడూ ఒకేసారి "దొంగ దొంగ" అని అరిచారు, గుట్టు బయటపడింది, అందరూ నవ్వారు, పెళ్లి చేశారు. రైలూ లేదు, బడీ లేదు. అయినా నేను బొత్తిగా పిచ్చిదానిలాగా, పెళ్లయ్యాక చదువుతుందేమోనని శుభం పడేదాకా చూశాను. శుభం పడింది. పలకలు రాలేదు.

మద్రాసులో తీసిన సినిమాలోకి మా పక్క తాలూకా మార్కాపురం పలకలు ఎట్లా వస్తాయి? టీచరును, నలభై ఏళ్లలో ఆ మాట ఒక్కసారైనా తట్టలేదు నాకు.

అత్త వైపు చూశాను. కళ్లు గట్టిగా మూసుకొని ఉంది. నిద్రపోయేవాళ్లు అంత గట్టిగా మూసుకోరు. "అత్తా" అన్నాను. పలకలేదు. "అత్తా, నువ్వు దొంగనిద్ర పోతున్నావు." పెదవుల చివర కదిలింది.

"వాళ్లు సరిగా తీయలేదే" అంది, కళ్లు తెరవకుండానే.

నాకు నవ్వొచ్చింది, ఆ వెంటనే ఏడుపొచ్చింది. ఆమె కాళ్ల దగ్గర కూర్చొని రెండూ కలిపి ఏడ్చాను. "పాపం, నాయనను ఎంత బోల్తా కొట్టించినావు అత్తా, పిచ్చి నాయన, నిజంగా సినిమాలో ఉందనుకున్నాడు" అన్నాను.

అప్పుడు లేచి కూర్చుంది అత్త. కొంగుతో ముఖం తుడుచుకుంది.

"నీకు చెప్పొద్దన్నాడు. పోయినాడు గదా, ఇంక చెప్పినా తిట్టడులే. నిన్ను బళ్లో చేర్పించి వచ్చినాడే, ఆ పొద్దు ఇంటికొచ్చి మంచినీళ్లు అడిగి తాగినాడు. తాగి, అక్కా, ఆ సినిమా నేను నీకంటే ముందే చూసినా అన్నాడు. కాయలు అమ్మేదానికి కంభం పోయి మండీలోనే పండుకునె గదా, అప్పుడు చూసినాడంట. ఆఖరు దాకా. నాకు గుండె ఆగిపోయిందనుకో."

నేను చెయ్యి చాచి టీవీ కట్టేశాను.

"మరి అన్నీ తెలిసి ఎందుకు నవ్వితివిరా అంటే, నువ్వు చెప్పిందే బాగుండాదక్కా అన్నాడు. ఆ సగం నువ్వు చెప్పకపోయింటే నలుగురికి నేనేం చెప్పుకుందును అన్నాడు. ఎవురితోనూ అనొద్దని చేతిలో చెయ్యి వేయించుకున్నాడు."

నాయన బతికున్నన్నాళ్లూ, ఆయన మొండితనాన్ని ఒక సినిమా కథ ఓడించిందనుకున్నాను. ఆయన తుండుగుడ్డ కింద అంతా తెలిసి నవ్వాడని, తెలిసే హెడ్మాస్టరు ముందు ఆ మాట అన్నాడని నాకు తెలియనివ్వలేదు. ఒక్కసారి నాయన ముందు కూర్చొని "నాకు తెలిసింది" అని చెప్పే వీలు లేకపోయింది గదా అని ఆ సాయంత్రమంతా బాధపడ్డాను. అత్త నా వీపు నిమురుతూ, "ఏడువు గానీ, అన్నం చల్లారిపోతాంది" అంది.

ఆ తర్వాత ఇరవై ఏళ్లకు పైగా ఉంది మా అత్త. ఊరికి పోయినప్పుడల్లా పాత పాటల పుస్తకమేదైనా దొరికితే తీసుకుపోయి చదివేదాన్ని. కథ ఆగిపోయే చోట నేను ఆగేదాన్ని, ఆమె అందుకునేది. ఆమెకు చదువు నేర్పుతానని ఎన్నిసార్లు అడిగానో. "నాకెందుకే, నువ్వు లేవా?" అనేది. ఇప్పుడు పుస్తకం నా దగ్గరుంది, అందుకునే మనిషి లేదు.

పెద్దకర్మ రోజు భోజనాలయ్యాక అత్త వసారాలో కూర్చున్నాం. ఆమె మంచం గోడకు నిలబెట్టి ఉంది. ఆడవాళ్లు ఆమె మాటలే చెప్పుకుంటున్నారు, మధ్యలో ఎవరో అత్త గొంతుతో ముసలాడి దగ్గు దగ్గారు, అందరూ కళ్లు తుడుచుకుంటూనే నవ్వారు. ఊళ్లోని ఒక కొత్త కోడలు, ఇంకా అందరితో చనువు కాని పిల్ల, నా పక్కకు జరిగి అడిగింది. "అవ్వ ఏదో చెవిటాయన సినిమా చెప్పేదంట గదా టీచరమ్మా. మేడమెట్ల కాడి దాకా మా అత్త చెప్పింది. తర్వాత ఆ పిల్ల ఏం చేస్తాది?"

నేను ఆ సినిమాను ఆఖరు దాకా చూసినదాన్ని. దేవుడి పటం, పాట, దొంగ, పెళ్లి, అన్నీ తెలుసు. నాయన కూడా ఇదే వసారాలో అన్నీ తెలిసే పడుకున్నాడు.

"పెట్టె సర్దుకుంటాది" అన్నాను. "చీటీ రాసి పెట్టి రైలెక్కుతాది."

"ఒక్కతేనా? పెళ్లి చేసుకోకుండానే?"

"సినిమాలో అట్లనే ఉండాది, నన్నేం చెయ్యమంటావు?" అన్నాను.

అవతల ఎండలో ప్యాసింజరు కూత వేసింది. ఆ కోడలు మోకాళ్ల మీద గడ్డం ఆనించుకొని వింటోంది. నేను చెప్పుకుంటూ పోయాను. తెల్ల చీర, గొడుగు, వసారాలో బెంచీ. ఆ బెంచీ మీద ఇద్దరు మగవాళ్లు చెరొక మార్కాపురం పలక పట్టుకొని పక్కపక్కనే కూర్చున్నారు. అందులో పెద్దాయన తలకు కొత్త గుడ్డ ఉంది. ఆయన పలకను తలకిందులు పట్టుకొని, తెలిసి తెలిసీ, నవ్వాపుకుంటూ అ దిద్దుతున్నాడు.